సాలీళ్ళను ఊడ్చిన వానాకాలం

పళ్ళిపట్టు రోడ్డులో మా కొత్త షెడ్డుకు ట్యూబ్‌లైట్లు వేసింది ఎనభైమూడులో, వానలు పట్టుకునే ముందు. అంతవరకు ఊళ్ళో ఇంటి నడవలోనే రెండు మగ్గాలు ఆడేవి. మా ఆయన శివప్రకాశం ఊరి బయట వరి చేల అంచున జాగా చూసి, రేకుల షెడ్డు లేపి, నాలుగు మిషను మగ్గాలు దింపినాడు. షెడ్డు గోడకు ఆనించి రెండు గదులు కట్టి మేమూ అక్కడికే మారినాము. పగలు ఒక షిఫ్టు, దీపాలు పెట్టినాక ఇంకో షిఫ్టు. లుంగీలు నేసేవాళ్ళం. మొదటి సాయంత్రం స్విచ్చి వేసినప్పుడు తిరుత్తణి పోయే బస్సులో జనం తలలు బయటపెట్టి చూసినారు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న వెలుగు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

మా అత్త తిరుమలమ్మ చూపు మాత్రం లైట్ల మీద లేదు. షెడ్డులోకి వచ్చి చేరిన సాలీళ్ళ మీద ఉంది. మేము సాలెవాళ్ళం. మన పేరు పెట్టుకున్న పురుగు మీద చీపురు ఎత్తకూడదనేది ఆమె. అయిదేళ్ళ నా కూతురు పంకజాన్ని చంకనేసుకుని గోడగోడకూ తిరిగి చూపించేది.

"ఇదిగో, గోడకు చదునుగా అతుక్కుని ఉందే, దీనికి వల లేదు. ఉరికి పట్టుకుంటుంది. కడుపు కింద తెల్లబిళ్ళ చూడు. గుడ్ల సంచి అది. పిల్లలు బయటికొచ్చేదాకా దాన్ని దించదు, తిండి కూడా ముట్టదు."

"ఆ మూల పొడుగుకాళ్ళదో?"

"వేలుతో తాకి చూడు. గిరగిరా ఊగి కనబడకుండా పోతుంది. కిటికీలోది చక్రం లాగ అల్లుతుంది, తెల్లారకముందే ఆ నూలంతా తినేసి, సాయంత్రం మళ్ళీ అల్లుతుంది. కింద ముడుచుకుని పడి ఉందే, ఇది చచ్చింది కాదు. చొక్కా విడిచిపెట్టి పోయింది, అంతే."

మగ్గం మీద పనిచేసే తంగరాజుకు వేలు తెగితే, అత్త గోడమీది పాత గూడు ఒకటి ఒలిచి గాయం మీద అంటించింది. నెత్తురు నిలిచింది. "పెద్దమ్మ ఉంటే ఆస్పత్రి ఎందుకు" అని నవ్వినాడు వాడు.

పక్క చేను కోసినారు. మొదలైంది ఆ వారంలోనే.

తంగరాజు పెండ్లాం కస్తూరమ్మ మా దగ్గర నూలు కండెలు చుట్టేది. ఒక పొద్దున మెడ పట్టుకుని వచ్చింది. కొంగు తీసి చూపిస్తే, ఇనుప కడ్డీతో వాత పెట్టినట్లు ఎర్రటి గీత. గీత పొడుగునా సన్న పొక్కులు.

"అక్కా, రాత్రికి రాత్రి లేచినాది. మంట తట్టుకోలేకున్నా."

రెండు రోజులకు తంగరాజుకు చంకలో. ఆ తరవాత దండపాణికి మోచేతి మడతలో, మడిచిన రెండు వైపులా ఒకటే అచ్చు. దండపాణి మా అందరికంటే పాత నేతగాడు, ఆయన మాటకు మిగతావాళ్ళు తల ఊపుతారు. ఇట్లాంటి పొక్కులకు కావిమట్టి రాసే కుమ్మరాయన దగ్గర రాయించుకుని వచ్చి, మగ్గం ఆపి చెప్పినాడు.

"సాలెపురుగు ఒంటి మీద పారితే ఇట్లనే అవుతుంది. కుమ్మరాయన చూసీచూడకముందే చెప్పినాడు. శివప్రకాశం, ఇన్ని పురుగుల్ని నెత్తిమీద పెట్టుకుని మేము పనిచేయలేము."

"అమ్మ వాటిని..." అని ఆయన నసిగినాడు.

"మీ అమ్మ సాకుతాంది, మేము పొక్కుతున్నాము."

అత్త గుమ్మంలోనే ఉంది. ఆమెకు వినబడింది. ఆ మధ్యాహ్నం ఆమె సరిగా తినలేదు. "నేను పుట్టినప్పటినుంచీ వీటి మధ్యనే ఉన్నా. ఒక్క పొక్కు ఎరగను" అని నాతో అనింది, కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే గట్టిదనం లేదు. సాయంత్రం షిఫ్టుకు ఇద్దరు రాలేదు. నాలుగు మగ్గాల చప్పుడుకు అలవాటుపడినాక, రెండింటి చప్పుడు వింటూ ఉంటే ఇంట్లో ఎవరికో బాగలేనట్లు ఉండేది.

పంకజం రోజూ సాయంత్రం షెడ్డులో లైటు కింద చెక్కపెట్టె మీద కూర్చుని ఖాళీ కండెలతో ఆడుకునేది. ఒక పొద్దున అది లేచి "అమ్మా, కన్ను తెరవ రావడం లేదు" అనింది. కుడి రెప్ప ఉబ్బి మూసుకుపోయి ఉంది. రెప్ప మీద నుంచి కణత దాకా ఎర్రని చార. చార మీద పొక్కులు.

తిరుత్తణి ఆస్పత్రిలో డాక్టరమ్మ రెప్పను విడదీయబోతే పాప అరుపుకు వరండాలో జనం లేచి నిలబడినారు. కన్ను కడిగి, మందు వేసి, కట్టు కట్టింది.

"ఏదో పురుగు విషం. కంట్లోకి కూడా దిగింది. గురువారం తీసుకురండి, కట్టు విప్పి చూస్తాను. నల్లగుడ్డు మీద తెల్లగా పొర ఉంటే మాత్రం మద్రాసుకు రాసిస్తాను."

"ఏ పురుగు మేడం?" అని అడిగినాడు ఆయన.

"మీ ఇంట్లో ఏముందో మీకే తెలియాలి."

బస్సులో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. షెడ్డుకు వస్తూనే ఆయన పొడుగు కట్టెకు చీపురు కట్టినాడు. కిటికీలో వల, మూలల్లో వలలు, దూలాల మీదివి, అన్నీ లాగేసినాడు. తెల్లబిళ్ళ మోసే పెద్దది గోడ మీద అటూ ఇటూ ఉరికింది. దెబ్బ తగిలి కింద పడింది. పడినా బిళ్ళను వదల్లేదు. రెండో దెబ్బకు బిళ్ళ చిట్లి, దుమ్ము లాంటి పిల్లలు నేల మీద చెదిరినాయి. ఆయన చెప్పుతో రాసేసినాడు.

అత్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"చాలురా" అనింది మెల్లగా.

ఆయన తిరిగినాడు. "నా బిడ్డ కన్ను కంటే నీకు పురుగులు ఎక్కువా? ఎన్నిసార్లు చెప్పినారు వాళ్ళు? నీ మాట విని ఊరుకున్నాను చూడు, నన్ను అనాలి."

నేను అడ్డం పోయి ఉండాల్సింది, పోలేదు. నాకూ ఆ కట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు ఆ పూట.

మరుసటి పొద్దున అత్త సంచి సర్దుకుని ఉంది. ఆర్.కె.పేటలో కూతురి దగ్గరికి పోతానని చెప్పింది. పాప జుట్టు నిమిరింది, చెయ్యి కట్టు దగ్గరికి పోకుండా చూసుకుంటూ నిమిరింది. ఆయన షెడ్డులోనే ఉండి, బస్సు పోయేదాకా బయటికి రాలేదు.

షెడ్డు శుభ్రమైంది. పొక్కులు మాత్రం ఆగలేదు. ఇంకో ముగ్గురికి వచ్చినాయి. ఒకడికి వీపు మీద, చొక్కా పట్టీ పొడుగునా. తంగరాజు ఆయన ముఖం చూడలేక నాతో చెప్పినాడు.

"అక్కా, ఈ వారం చూస్తాము. ఆ తరవాత వేరే చోట చూసుకోవాల్సిందే. కస్తూరి భయపడతాంది."

సోమవారం ఆయన పక్క ఊరి నుంచి చేలకు మందు కొట్టే పంపు తెచ్చినాడు. మందు డబ్బా కూడా. మూత తీయకముందే ఆ వాసన గది దాకా వచ్చింది.

"గోడ సందుల్లో, రేకుల మడతల్లో దాక్కుని ఉంటాయి. రేపు మొత్తం కొట్టేస్తా."

షెడ్డుకూ మేము పండుకునే గదికీ మధ్య గోడ కప్పు దాకా లేదు. పైన చెయ్యెడు సందు. ఆ ఏడు వేసవిలోనే మా పక్క వరి కయ్యలో ఈ మందే కొడుతూ ఒకాయన పడిపోతే మంచం మీద మోసుకుపోయినారు. ఇంటికి తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చెబితే వినే స్థితిలో లేడు. నాకు తోచిన సాకు ఒకటే.

"పడుగులు మగ్గాల మీదే ఉన్నాయి. మందు పడితే బట్టంతా మరక. ఇవి నేసి దించేదాకా ఆగు. గురువారం పాప కట్టు విప్పించుకుని వచ్చినాక కొట్టు."

ఆయన పంపును గోడ వారగా పెట్టినాడు. "గురువారం" అన్నాడు. "అంతకు మించి ఒక్క పూట ఆగను."

మరుసటి రోజు పొద్దుగూకినాక షెడ్డులో ఎవరూ లేరు. షిఫ్టు వాళ్ళు ఇంకా రాలేదు. నేను లైట్లు వేసి నూలు సర్దుతా ఉన్నాను. ట్యూబ్‌లైటు పట్టీ చివర, చోకు పెట్టె వెనక నుంచి చిన్న నల్ల సాలీడు ఒకటి తల బయట పెట్టింది. వల అల్లదు అది, ఎగిరి పట్టే రకం. నేను కదిలితే నా వైపు తిరిగింది. ఎట్లనో చీపురుకు దొరకలేదు. నేను బల్ల ఎక్కి చీపురు ఎత్తినాను. ఎత్తినాను అనే చెబుతున్నాను, చంపడానికే.

అది నన్ను చూడడం మాని, గోడ వైపు తిరిగింది. గోడ మీద లైటు వెలుగులో గండుచీమ లాంటి పురుగు ఒకటి పాకుతా ఉంది. ఎర్ర ఒళ్ళు, నల్ల తల, నల్ల తోక, నడుముకు నల్లపట్టీ. నడిచేటప్పుడు తోక పైకి లేపుతుంది. సాలీడు మెల్లగా దగ్గరికి పోయి, ఒక్క దూకు దూకి పట్టుకుంది. పట్టుకున్నంతలోనే వదిలేసింది. వెనక్కి వెనక్కి నడిచి, నోటి దగ్గర ఉన్న పొట్టి కాళ్ళతో మూతి తుడుచుకుంది. ఆగి, మళ్ళీ తుడుచుకుంది. ఎర్రపురుగుకు ఏమీ కాలేదు, దాని దారిన అది పోయింది.

తిండి దొరక్క ఉన్న పురుగు, చేతికి వచ్చినదాన్ని ఎందుకు ఉమ్మేసింది?

చీపురు దించి గోడంతా చూసినాను. ఒకటి కాదు. లైటు చుట్టూ, పట్టీ మీద, కింద పడుగు మీద, పంకజం కూర్చునే చెక్కపెట్టె మీద, ఎన్నో. వీటిని రోజూ చూస్తూనే ఉన్నాము. చీమలనుకుని విదిలించేవాళ్ళం, మెడ మీద పాకితే అరచేత్తో రాసేసేవాళ్ళం. కస్తూరమ్మ మెడ గీత గుర్తుకొచ్చింది. దండపాణి మోచేతి మడత గుర్తుకొచ్చింది.

ఆయనకు చెబితే చీమలంటాడు. దండపాణి నవ్వుతాడు. చేతిలో ఉన్నది గురువారం దాకా ఉన్న వ్యవధి.

ఎర్రపురుగును ఒకదాన్ని పట్టి ఎడమ ముంజేతి మీద పెట్టుకుని బొటనవేలితో నలిపి, మణికట్టు వైపు రాసినాను. అప్పటికి ఏమీ అనిపించలేదు, తడి తప్ప. వేలు సబ్బుతో కడుక్కుని వచ్చినాను.

తరవాత గాజు గ్లాసుతో సాలీడును పట్టినాను. కుడి ముంజేతి మీద గ్లాసు బోర్లించినాను. అది చేతి మీద అటూ ఇటూ నడిచింది, నిలబడి నన్ను చూసింది. పారిందంటారు కదా, పారనీ అనుకున్నాను. కానీ అంతటితో ఆపితే తేలదు. పురుగును నలిపి సాలీడును ఊరికే వదిలేస్తే, తడి తగల్లేదు కాబట్టే ఏమీ కాలేదంటారు. అది ఒక్కటే మిగిలి ఉంది షెడ్డులో. గ్లాసు తీసి, బొటనవేలు దాని మీద పెట్టినాను. ముందరి కాళ్ళు రెండూ పైకెత్తింది. నలిపినాను.

బుధవారం పొద్దున లేచి మొదట చేతులు చూసుకున్నాను. రెండూ ఒకటిగానే ఉన్నాయి. మధ్యాహ్నం చూసినాను. ఏమీ లేదు. ఆయన పంపుకు వాషరు మార్చి నీళ్ళు పోసి కొట్టి చూస్తున్నాడు. ఆ చప్పుడు వింటా నూలు తీస్తా ఉంటే పోగు రెండుసార్లు తెగింది. నేనేదో పిచ్చి ఊహ పెట్టుకుని, ఆ మిగిలినదాన్ని ఉత్తపుణ్యానికి చంపినాననుకున్నాను. సాయంత్రానికి ఎడమ చేతి మీద కొంచెం గులాబి రంగు తేలింది. అది నేను పదేపదే రుద్దుకుని చూసినందుకేమో.

గురువారం తెల్లారుజామున మంటకు మెలకువ వచ్చింది. వెలుగు వచ్చినాక చూసినాను. నేను ఎక్కడ నుంచి ఎక్కడికి రాసినానో అంత పొడుగునా ఎర్రటి వాత. సన్న పొక్కులు లేస్తున్నాయి. కుడి చెయ్యి శుభ్రంగా ఉంది. ఆయనకు చూపించబోయినాను. ఆయన అప్పటికే పాపను ఎత్తుకుని బస్సుకు నడుస్తున్నాడు, పాప కన్ను ఏమవుతుందో అనే ధ్యాసలో. కట్టు విప్పినాక చూపిద్దామనుకున్నాను. కొంగు చేతి మీదికి లాక్కుని వెనకే నడిచినాను. దారి పొడుగునా చెయ్యి నిప్పుల్లో పెట్టినట్లే ఉంది.

డాక్టరమ్మ కట్టు విప్పింది. రెప్ప మీద తోలు ఎండి ఊడుతా ఉంది, చుట్టూ నల్లగా మచ్చ. దూదితో తడిపి మెల్లగా తెరిచింది. ఆయన గోడ పట్టుకున్నాడు. ఆమె చిన్న టార్చి వేసి చాలాసేపు చూసింది. మంచి కంటిని అరచేత్తో మూసి, రెండో చెయ్యి పాప ముందు పెట్టింది.

"ఎన్ని వేళ్ళు?"

"మూడు" అనింది పంకజం. "ఒకదానికి ఉంగరం ఉంది."

ఆయన గోడ వదిలి వచ్చి పాప పాదం పట్టుకున్నాడు.

డాక్టరమ్మ మందు రాసిస్తూ నా చెయ్యి చూసింది. "నీకూ వచ్చిందా?"

"నేనే తెప్పించుకున్నాను మేడం" అన్నాను. రెండు చేతులూ ఆమె బల్ల మీద పెట్టి జరిగింది చెప్పినాను. ఆమె వినింది. ఒక చిన్న సీసా ఇచ్చి, ఆ పురుగుల్ని రెండింటిని వేసి పంపమనింది. "చదివినాను ఇట్లాంటిదాన్ని గురించి. చూడలేదు. మీ వైపు నుంచి ఇంకా కొందరు వచ్చినారు, అందరికీ అక్కి అనే రాసినాను." లైట్లు ఎంతసేపు వెలుగుతాయని, చేలు ఎంత దూరమని అడిగింది. చేను కోసినాక ఇవి లైటు వెలుగుకు వస్తాయనింది. ఆయన ఆ రెండింటికీ జవాబు చెప్పినాడు. ఆ తరవాత నా రెండు చేతులూ పట్టుకుని, వెలుగుకు తిప్పి, ఒకదాని తరవాత ఒకటి చూసినాడు.

"ఎప్పుడు చేసినావు?"

"మంగళవారం, దీపాలు పెట్టినప్పుడు."

"నాకు చెప్పలేదే."

"చెప్పుంటే చేయనిచ్చేవాడివా?"

బస్టాండులో పాపకు బన్ను కొనిచ్చినాడు. ఆర్.కె.పేట బస్సు వచ్చి నిలబడింది. "నువ్వు పోయి అమ్మను పిలుచుకురా" అన్నాడు.

"నువ్వు రావా?"

"వచ్చి ఏమనాలి?" అన్నాడు. పాపను తీసుకుని పళ్ళిపట్టు బస్సు వైపు పోయినాడు.

ఆర్.కె.పేటలో మా వదినె ఇంటి వాకిట్లోకి పోయేసరికి అత్త రోలు మీద ఎక్కి నిలబడి ఉంది. చేతిలో చీపురు. దూలం సందులో ఉన్న వలను లాగుతా ఉంది. నేల మీద కాళ్ళు ముడుచుకున్న సాలీళ్ళు చాలా ఉన్నాయి. ఆమె జుట్టంతా బూజు. నన్ను చూసి దిగింది.

"పాప?"

"కన్ను బాగుంది అత్తా. వేళ్ళు లెక్కపెట్టింది."

రోలు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇదేంది అత్తా?" అన్నాను, నేల చూపించి.

"ఇక్కడ పసిబిడ్డ ఉంది కదా" అనింది. "వాడి మాట పడలేక వచ్చినా అనుకున్నావా? వాడు అనింది నిజమే అనుకుని వచ్చినా. ఇన్నేళ్ళూ నేనే సాకి సాకి, ఆ బిడ్డ కన్ను తీసినాననుకున్నా."

ఆమె ముందు కూర్చుని రెండు చేతులూ చాపి, మొదటినుంచీ చెప్పినాను. ఎడమ చెయ్యి చూసి "మంటగా ఉందా" అని అడిగింది. కుడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో తడిమింది.

"దీని మీద నలిపినావా?"

"నలిపినా. నలపకుంటే తేలేది కాదు."

"కరిచిందా?"

"లేదత్తా."

ఆమె లేచి చీపురుతో నేల మీది వాటినన్నింటినీ ఒక్కచోటికి చేర్చి, చేటలోకి ఎత్తి, పెరట్లో మునగచెట్టు మొదట్లో మట్టి తవ్వి పోసింది. చేతులు కడుక్కుని సంచి తెచ్చుకుంది.

మేము బస్సు దిగేసరికి పొద్దు వాలుతా ఉంది. షెడ్డులో మగ్గాల చప్పుడు లేదు. గుమ్మంలో పాత పసుపు బల్బు ఒకటి వేలాడుతా ఉంది. ట్యూబ్‌లైట్లు మూడు విప్పి గోడకు ఆనించినాడు. మందు పంపు కనబడలేదు, దాని యజమానికి అప్పజెప్పి వచ్చినాడని తరవాత తెలిసింది. ఆయన జాగా చివర, చేను పక్కన పాతిన కొయ్య దగ్గర నిచ్చెన మీద ఉన్నాడు. నాలుగో ట్యూబ్‌లైటును ఆ కొయ్యకు కడుతున్నాడు, పురుగు అక్కడికే పోయేటట్లు. కింద నేల వానకు తడిసి బురదగా ఉంది.

అత్త నడిచిపోయి నిచ్చెన కింద నిలబడింది. ఆయన చూసినాడు, చేతులు ఆగినాయి.

"సాయంత్రం షిఫ్టు మానేస్తున్నానమ్మా" అన్నాడు, వైరు వైపు చూస్తూ. "పగలు రెండు మగ్గాలు ఆడితే చాలు. తంగరాజుకు చెప్పినా, దండపాణి ఇంటికి పోయి చెప్పినా."

"మెయిను ఆపినావా?" అనింది అత్త.

"ఆపినా."

"ఆపినా సరే, చెప్పులేసుకో. నేల తడిగా ఉంది."

ఆయన కిందికి చూసినాడు. చెప్పులు దూరంగా, గట్టు మీద ఉన్నాయి. ఆయన దిగేలోపల అత్త పోయి వాటిని చేత్తో ఎత్తుకుని వచ్చి నిచ్చెన మొదట్లో పెట్టింది.

"అమ్మా, నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు.

"దిగి వేసుకుని మళ్ళీ ఎక్కు" అనింది. "చీకటి పడుతుంది."

ఆయన దిగినాడు, వేసుకున్నాడు, ఎక్కినాడు. లైటు బిగించి వెలిగించేదాకా అత్త రెండు చేతులతో నిచ్చెన పట్టుకునే నిలబడింది.